తెల్లగాజులు తీసిన రోజు

నా చిన్నప్పుడు మాఘమాసం దాటిందంటే మా ఇంటి వెనక వాకిలంతా ఎర్రగా అయిపోయేది. వరంగల్ బజారులో మాది మిర్చి దుకాణం. బస్తాలు వాకిట్లో కుప్ప పోస్తే, చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు వరసగా కూర్చుని తొడిమెలు తీసేవాళ్లు. ఆ ఘాటుకు మా ఇంట్లో దేవుడికి దండం పెట్టుకునేటప్పుడు కూడా తుమ్ములే. ఆ వరసలో ధర్మసాగర్ అవతలి తండా నుంచి వచ్చే లంబాడ అక్క పక్కనే నేను కూర్చునేదాన్ని. ఆమె చేతులకు మణికట్టు నుంచి భుజం దాకా తెల్లగాజులు ఉండేవి. నాకప్పుడు తొమ్మిదేళ్లు. బడి లేనప్పుడల్లా ఆ గాజులు లెక్కపెట్టడమే నా పని, ప్రతిసారీ లెక్క తప్పేది.

అంతకు ముందటి వానాకాలంలో మా పెద్దమ్మకు రొమ్ములో గడ్డ తేలింది. ఆ సంగతి తెలిసిన రోజు నుంచి మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. మా పెద్దనాన్న దుకాణం నాన్నకు అప్పగించి, ఆమెను మా ఊళ్లోనే ఒక దవాఖానకు తీసుకుపోయాడు. అక్కడి డాక్టరు మావాళ్లకు తెలిసినవాడు. పది రోజుల్లో ఆపరేషన్ అయిపోయింది. పెద్దమ్మ ఇంటికి వచ్చాక మళ్లీ మళ్లీ చెప్పిన ముచ్చట ఒకటే. ఆపరేషన్‌కు ముందు గాజులు తీయాలంటే ఆమె ఏడ్చిందట. నర్సు పక్కన కూర్చుని, సబ్బు నురగ రాసి, ఒక్కొక్క గాజే మెల్లగా జార్చి, ఖాళీ చేతులు చూసి బెంగపడకుండా రెండు మణికట్లకూ ఎర్రదారం కట్టిందట.

మిర్చి కాలం వచ్చేసరికి పెద్దమ్మ లేచి తిరుగుతోంది. ఆమెను చూసి ధైర్యం వచ్చిందో ఏమో, లంబాడ అక్క ఒకరోజు ఆమెను పక్కకు పిలిచి తనకూ చంక కింద గడ్డ ఉందని చెప్పింది. పెద్దమ్మ వెంటనే అదే డాక్టరుకు చిట్టీ రాసిచ్చింది. అక్క దవాఖానకు పోయింది, మర్నాడు మళ్లీ పనిలోకి వచ్చింది. "మందులిచ్చిన్రమ్మా, తగ్గుతదన్నరు" అని పెద్దమ్మతో అంది.

నాకు నమ్మకం కుదరలేదు. పెద్దమ్మ మాత్రలు గూట్లో బారుగా ఉండేవి, ఈమె మూటలో ఒక్కటీ కనపడలేదు. మాత్రలేవని అడిగాను. ఆమె తొడిమెలు తీస్తూనే చిన్నగా చెప్పింది.

"మందుల్లేవు బిడ్డా. గాజులు తీసి రాపో అన్నరు, తియ్యకుంటే లోపల అడుగు పెట్టకన్నరు. మొగడు బతికుండంగ ఎట్ల తీస్త? అమ్మకు చెప్పకు. చిట్టీ రాసిచ్చింది, మనసు కష్టపెట్టుకుంటది."

అంతటితో ఊరుకోలేదు. నా చెయ్యి తీసుకుని తన నెత్తిమీద పెట్టుకుని ఒట్టు వేయించుకుంది. ఆ రోజుల్లో మాకు ఒట్టంటే ఒట్టే. అది తప్పితే, ఎవరి నెత్తిమీద చెయ్యి పెట్టామో వాళ్లు చచ్చిపోతారని నా నమ్మకం. చెబితే అక్క చచ్చిపోతుంది. చెప్పకపోతే ఆ గడ్డ ఊరుకుంటుందా అని ఇంకో భయం. పెద్దమ్మ కోసం ఇల్లంతా ఎలా పరుగులు పెట్టిందో కళ్లారా చూసినదాన్ని. కంచంలో అన్నం కంచంలోనే వదిలేసేదాన్ని. మిర్చి ఘాటుకు పిల్ల చిక్కిపోతోందని అమ్మ నన్ను వాకిట్లోకి పోనివ్వడం మానేసింది. నేను కిటికీలోంచి అక్క చెయ్యినే చూస్తూ ఉండేదాన్ని. అలా నెల గడిచింది.

ఒకరోజు పొద్దున అక్క నిండు చేట ఎత్తబోయింది. చెయ్యి పైకి లేవలేదు. మిర్చి అంతా ఒలికిపోయింది, ఆమె భుజం పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. నేను ఒట్టూ గిట్టూ మరిచిపోయి పెద్దమ్మ దగ్గరికి పరుగెత్తి, ఏడుస్తూ అంతా చెప్పేశాను.

పెద్దమ్మ నన్ను తిట్టలేదు. నేరుగా వాకిట్లోకి పోయి అక్క ముందు చతికిలపడింది. "గాజులు తియ్యమని ఎట్ల చెప్పిన్రు? సబ్బు తెచ్చిన్రా నీకు?" అని అడిగింది. అక్కకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. "సబ్బెందుకమ్మా?" అంది. పెద్దమ్మ ముఖంలో అంత కోపం నేను అంతకు ముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

మర్నాడు దవాఖానకు బయలుదేరాం. పెద్దమ్మ, పెద్దనాన్న, అక్క, తండా నుంచి కబురు పెట్టి రప్పించిన ఆమె భర్త, నెల రోజులు దాచిన పాపానికి ఇంట్లో ఉండలేక వెంటపడిన నేను. వరండాలో బెంచీ మీద కూర్చోగానే పెద్దమ్మ సంచిలోంచి సబ్బు ముక్క, చెంబు, ఎర్రదారం బయటికి తీసింది. రెండు చేతులూ పెద్దనాన్న ముందు చాపి, అక్క వైపు తిరిగి చెప్పింది.

"మా ఇండ్లల్ల ఆపరేషన్‌కు పోయే ముందు మొగడే తన చేతులతోని గాజులు తీసి దాచిపెడ్తడు. పానం బాగయినంక మళ్ల ఆయననే తొడుగుతడు. అట్ల చేస్తే ఆయుష్షు ఇద్దరికీ. నాకు తీసి ఏడాది కావస్తుంది, ఈయన సూడు, పొద్దుగాల నాలుగు ఇడ్లీలు తిని వచ్చిండు."

మా ఇళ్లలో అలాంటి ఆచారం లేనేలేదు. ఆమె గాజులు తీసింది నర్సు. నలుగురిలో పెళ్లాం పక్కన నిలబడటానికే సిగ్గుపడే మా పెద్దనాన్న, చెవులు ఎర్రబడుతుంటే, అందరి ముందూ ఆమె చేతులకు సబ్బు రుద్ది గాజులు తీశాడు. నాకు నవ్వు రావాల్సింది, రాలేదు. అక్క భర్త అది చూశాడు. సబ్బు అందుకున్నాడు. ఏళ్ల తరబడి కదలని గాజులవి. ఒక్కొక్కటే తీసి తన తలపాగాలో మూట కట్టుకున్నాడు. అప్పటిదాకా ఎండ తగలని ఆ చేతులు చిన్నపిల్ల చేతుల్లా ఉన్నాయి. పెద్దమ్మ వాటికి దారం కట్టింది.

ఆపరేషన్ జరిగింది. డాక్టరు మాత్రం పెద్దమ్మతో, చిట్టీ తెచ్చిన రోజే చూసి ఉంటే వేరేలా ఉండేదన్నాడు. ఆ రోజు దవాఖాన వాకిట్లోంచే ఎవరో ఆమెను పంపేశారని ఆయనకు తెలియనే తెలియదు. ఆపరేషన్ తర్వాత అక్క చెయ్యి వాచి పై గాజులు ఎక్కలేదు. ఎక్కిన వాటిని తొడిగి, మిగిలిన వాటిని ఆమె భర్త తాడుకు గుచ్చి ఆమె కొంగుకు కట్టాడు. రెండు మిర్చి కాలాలు ఆమె మా వాకిట్లో కూర్చుంది, పని చేయలేకపోయినా వచ్చి కూర్చునేది. మూడోసారి భర్త ఒక్కడే వచ్చి చెప్పి పోయాడు.

అప్పుడు పెద్దమ్మ వంటింట్లో నేల మీద కూర్చుని అన్న మాట నాకు ఇప్పటికీ వినపడుతూనే ఉంటుంది. "ఇద్దరికీ వచ్చింది ఒక్కటే రోగం. పోయింది ఒక్కటే దవాఖానకు. నాకు సబ్బు తెచ్చిన్రు, ఆమెకు తేలే." నేను నోరు మూసుకున్న ఆ నెల గురించి ఆమె ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. పెద్దమ్మ ఎనభై దాటేదాకా బతికింది. అది తలుచుకుంటే నాకు సంతోషమూ, సిగ్గూ రెండూ కలుగుతాయి.

ఇప్పుడు నాకూ అరవై దాటాయి. ఇంట్లో ఈ రోగాన్ని చూసినదాన్ని కాబట్టి ఏడాదికోసారి పరీక్షకు పోతాను. పోయిన నెల స్కానింగు గది ముందు వరసలో నిలబడ్డాను. కౌంటరులో పిల్ల నన్ను "రండి అమ్మా, కూర్చోండి" అంది. నా వెనక తెల్లగాజుల చేతులతో నిలబడ్డ ఒకావిడను మాత్రం "ఏయ్, అవన్నీ తీసేసి రాపో" అంది. ఆవిడ మెట్ల వైపు తిరిగింది. లోపల నా పేరు పిలుస్తున్నారు.

నా చేతిసంచిలో ఎప్పుడూ ఒక సబ్బు ముక్క ఉంటుంది, మా పిల్లలు దానికి నవ్వుతారు. అది పట్టుకుని మెట్ల మీద ఆవిడకు అడ్డంగా నిలబడ్డాను. ఈసారి నెల ఆగలేదు.