బీరప్ప గీసిన మొరం దారి

నార్కట్‌పల్లి చుట్టూ పది కోసుల్లో ఏ దారి మెత్తనో, ఏది గట్టిదో బండి బీరప్పకు తెలిసినంత ఇంకెవడికీ తెలియదు. ముప్పై ఏళ్లు ఎడ్లబండి తోలినవాడు మరి! నలభై ఎనిమిదిలో మిలిటరీ దిగి రజాకార్ల పీడ విరగడైన రోజున కొబ్బరికాయ కొట్టాడు. అదే మిలిటరీ కమ్యూనిస్టు సంఘపోళ్ల కోసం ఊళ్ల మీద పడుతుందని పాపం కలగన్నాడా?

మిలిటరీవాళ్లకు పెట్రోలు కరువు. ఆరు లారీలు మూడు ఊళ్లు తిరిగేసరికి డబ్బాలు ఖాళీ. వాళ్ల పెద్ద ఆఫీసరు సాబు బీరప్పను పట్టి తెప్పించి, దగ్గరి దారులు చెప్పమన్నాడు.

"లారీ అయినా ఎద్దయినా ఇసుకల కూలవడ్తది సాబ్. వాగుల దిగకుర్రి. గుట్ట కింద మొరం దారి పట్టుర్రి."

అంతటితో ఊరుకున్నాడా? ఎక్కడ ఎత్తుందో, ఏ మలుపులో బండి తిరగదో, అడగని ఊళ్లకు కూడా పుల్లతో నేల మీద గీసి చూపించాడు. తెలిసిన పని అడిగితే ఆ ముసలోడికి ఒళ్లు తెలియదు. వారానికల్లా రోజుకు రెండు డబ్బాలు మిగిలాయి. సాబు భుజం తడితే పొంగిపోయాడు.

ఎనిమిదో రోజు పొద్దున సాబు ఆ డబ్బాలు చూపించి, ఇక నాలుగో ఊరికీ పోవచ్చన్నాడు. రాళ్లబాయి!

అది బీరప్ప కూతురు ఉప్పలమ్మను ఇచ్చిన ఊరు. అల్లుడు ఎల్లస్వామి సంఘంలో మనిషి. లారీలు అంత దూరం రాలేవన్న ధైర్యంతోనే ఇంటిపట్టున ఉంటున్నాడు.

"గా ఊరికి దారి లేదు సాబ్. పెట్రోలు సాలదు."

సాబు నవ్వి కాగితం తీశాడు. బీరప్ప గీతలన్నీ అందులో ఎక్కించి ఉన్నాయి, రాళ్లబాయి దారితో సహా. తన వేలితో తన కన్నే పొడుచుకున్నాడు.

ముందు లారీలో కూర్చోబెట్టారు. ఒక్క చక్రమన్నా పగలాలని దారి పొడుగునా మైసమ్మకు మొక్కాడు. గట్టి మొరం, ఎక్కడా ఆగలేదు.

ఎల్లస్వామి అంబలి తాగుతుంటే ఈడ్చుకొచ్చి వాకిట్లోనే కాల్చారు. మొగుడి తల ఒళ్లో పెట్టుకున్న ఉప్పలమ్మ, లారీ దిగి పరిగెత్తుకొస్తున్న తండ్రిని చూసి గొల్లుమంది.

"నాయినా, నిన్ను గూడ పట్టుకొచ్చిన్రా? కొట్టిన్రా?"

బీరప్ప ఆమె చేయి పట్టుకున్నాడు. ఇంతలో సాబు లారీ మీంచి కేకేశాడు: తిరిగి పోవడానికి ఏ దారి దగ్గర, బీరప్పా?

ఉప్పలమ్మ తండ్రి చేతిని విదిలించింది. ఆయన మరో పదకొండేళ్లు బతికాడు. ఆమె గడప తొక్కనివ్వలేదు.