మెర్విన్ మెచ్చిన మోత

మెర్విన్ పార్గెటర్ ఫ్రిజ్‌ల మెకానిక్. ఇంగ్లండులో రగ్బీ అనే ఊళ్లో మాంసం కొట్లు, పాల డిపో, పబ్బులు, ఆస్పత్రి శవాల గది, ఇలా చల్లగా ఉండాల్సినవన్నీ అతని చేతిమీదుగానే చల్లగా ఉండేవి. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం అయిదు దాకా కంప్రెసర్ల మోత వినేవాడు. అయిదున్నరకి ఇంటికొచ్చి, టీ తాగి, ముందు గదిలో సెవెంత్ కెటిల్ బ్యాండు వాళ్ల క్యాసెట్ పెట్టుకుని దాదాపు అలాంటి మోతే మళ్లీ వినేవాడు.

"పగలంతా జీతం తీసుకుని వినే చప్పుడు సాయంత్రం డబ్బిచ్చి వింటున్నావు. నీలాంటి వాడు ఇంకొకడుంటే చూపించు," అనేది భార్య గ్లెనిస్.

"అది చప్పుడు. ఇది సంగీతం."

"రెండూ ఒకలాగే ఉన్నాయిగా. తేడా ఏంటట?"

"ఇది ఆగదు గ్లెనిస్. మధ్యలో ఆగదు."

"మన వంటింటి ఫ్రిజ్ కూడా ఆగట్లేదు. చూడమని చెప్పి నెల్లాళ్లయింది."

సెవెంత్ కెటిల్‌లో నలుగురుండేవారు. పాటగాడు రాకముందే శ్రుతి మొదలుపెట్టిన తంబూరా మనిషి, పాటగాడు రాడని కబురొచ్చాక కూడా మీటుతూనే ఉంటే ఎలా ఉంటుందో, వాళ్ల కచేరీ అలా ఉండేది. నాయకుడు లయొనెల్ ఆర్గన్ మీద ఒక మీట నొక్కి, అది పైకి లేవకుండా సందులో బీరు గ్లాసు కింద పెట్టే అట్టముక్క మడిచి కుక్కి, అప్పుడు తీరిగ్గా గిటార్ అందుకునేవాడు. వాళ్ల పెద్ద పాట ఇరవైమూడు నిమిషాలు. అందులో స్వరం ఒక్కసారే మారుతుంది. అది కావాలని మార్చిందా, చెయ్యి జారిందా అన్న విషయంలో అభిమానులు రెండు వర్గాలై మాటలు మానుకున్నారు.

మెర్విన్ ఆ అభిమానులకి పత్రిక నడిపేవాడు. తనే టైపు కొట్టి, జిరాక్స్ తీసి, పోస్టులో పంపేవాడు. ప్రతి సంచికా ఒకటి లయొనెల్‌కి కూడా వెళ్లేది. లయొనెల్ తల్లి దాన్ని చిలక పంజరం అడుగున పరిచేది. ఆ సంగతి మెర్విన్‌కి తెలియదు.

పత్రికలో పేరుబడ్డ పేజీ 'ఎక్కణ్ణుంచి వచ్చింది'. బ్యాండు ఏ మోత ఎవరి దగ్గర నేర్చుకుందో కనిపెట్టడమే ఆ పేజీ పని. ఈ గుర్రుమనేది ఫలానా అమెరికా కుర్రాళ్ల పాత రికార్డులోది, ఆ సాగదీత జర్మనీ వాళ్లది, ఈ ఊపు ఏదో మఠంలో సన్యాసులది. ఒకసారి మెర్విన్ లీస్టర్ వెళ్లి, ఒక గుజరాతీ ఆయన కొట్లో శ్రుతిపెట్టె కొనుక్కొచ్చి వారం రోజులు అదే పనిగా ఊదించాడు. "దీనికి పాట లేదా?" అని గ్లెనిస్ అడిగితే, "పాట అక్కర్లేదని తేలింది," అన్నాడు సంబరంగా. తీరా చూస్తే, ఆ శ్రుతిపెట్టె సంగతి పోస్టుమాన్ రోలీ ముందు సంచికకే ఉత్తరం రాసి ఉన్నాడు. ఎప్పుడూ అంతే. ఏ మూలం వెతికినా రోలీయే ముందు. తను ఒక్కటంటే ఒక్కటి కనిపెట్టాలన్నది మెర్విన్ కోరిక.

ఎనభై తొమ్మిది మే నెలలో లయొనెల్ బ్లాక్ గూస్ పబ్బులో అందరి ముందూ చెప్పేశాడు. "వచ్చే ఆదివారం మధ్యాహ్నం ఇక్కడే వాయిస్తాం. ఇదే ఆఖరు ప్రయత్నం. సొంత ఊరు కూడా పట్టించుకోకపోతే సోమవారం నుంచి మా బావ తివాచీల కొట్లో చేరతా."

మెర్విన్‌కి ఆ వారం తిండి సహించలేదు. కెటిల్ లేకపోతే తనకి మిగిలేది ఒట్టి ఫ్రిజ్‌లు. అందుకని ప్రత్యేక సంచిక తీసి ఊరంతా పంచాడు; లయొనెల్ ప్రతి ఎప్పటిలాగే పంజరంలోకి పోయింది. అందులో పెద్దక్షరాలతో ఒక కొత్త నియమం పెట్టాడు: ఆఖరి మోత పూర్తిగా చచ్చేదాకా ఎవరూ చప్పట్లు కొట్టకూడదు. వాయించి వెళ్లేటప్పుడు గిటార్లని స్పీకర్లకి ఆనించి పోవడం బ్యాండు వాళ్ల అలవాటు. అవి అలా ఊళలు పెడుతూ పెడుతూ చల్లారతాయి. ఆ చల్లారడం కూడా పాటలో భాగమేనని మెర్విన్ వాదన.

ఆదివారం అరవైమంది దాకా వచ్చారు. బ్యాండు ప్రాణం పెట్టి వాయించింది. గిటార్లు ఆనించి నలుగురూ వెనక గదిలోకి వెళ్లారు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కళ్లు మూసుకుని వింటున్నారు. ఊళ సన్నబడింది, సన్నబడింది, చివరికి ఒక బొంగురు మోతగా నిలబడిపోయింది. అయిదు నిమిషాలైంది. ఎనిమిదైంది.

"ఇంతసేపు ఎప్పుడూ లేదు," రోలీ గుసగుసలాడాడు. "ఇది కొత్త పాట. ఎక్కడిదో చెప్పనా? ఆ సన్యాసులదే."

మెర్విన్‌కి ఒళ్లు పులకరించింది. ఎంత బాగుంది! ప్రతి నాలుగో దెబ్బకీ కొంచెం కుంటుతోంది. ఆ కుంటడం ఎక్కడో విన్నట్టుంది. సన్యాసులు కాదు... కళ్లు తెరిచి కౌంటర్ వైపు చూశాడు.

అది కౌంటర్ కింద ఉన్న బీరు కూలర్. రబ్బరు కాలు అరిగిపోయింది. మార్చేస్తానని పబ్బు యజమానురాలు ఐడాకి తనే మూడుసార్లు మాటిచ్చాడు.

అంతలో ఆ ఐడాయే శాండ్‌విచ్‌ల పళ్లెం పట్టుకుని వెనక గదిలోంచి వచ్చింది. "ఏమయ్యా మెర్విన్, అందరికీ ప్రాణాలు పోయాయా ఏంటి? అక్కడ వాళ్లు వైర్లు చుట్టేస్తున్నారు. లయొనెల్ కళ్లొత్తుకుంటున్నాడు. 'ఒక్కడు కూడా కొట్టలేదు ఐడా, ఒక్కడు కూడా' అంటున్నాడు. శాండ్‌విచ్ కూడా ముట్టలేదు పాపం."

మెర్విన్ చప్పట్లు కొట్టడానికి చేతులెత్తాడు. రోలీ అతని మణికట్లు రెండూ పట్టేసుకున్నాడు.

"సిగ్గులేదూ? నీ నియమమేగా!"

"వదలరా రోలీ! అది ఫ్రిజ్ రా!"

"ష్‌ష్!" అన్నారు అరవైమందీ.

మెర్విన్ విదిలించుకుని, మోకాళ్ల మీద పాకుతూ కౌంటర్ వెనక్కి దూరి ప్లగ్ పీకేశాడు.

"నా బీరు వెచ్చబడుతుందయ్యా!" అంది ఐడా.

"ఈ దేశంలో తాగేదే వెచ్చటి బీరు, ఎవరికి తెలుస్తుందమ్మా!"

గది నిశ్శబ్దమైంది. తర్వాత చప్పట్లు మొదలయ్యాయి. కిటికీ అద్దాలు గడగడలాడాయి. లయొనెల్ భుజాన వైర్లతోనే పరిగెత్తుకొచ్చాడు.

"ఇంతసేపూ ఏం చేశారు మీరంతా?"

"విన్నాం," అన్నాడు రోలీ భక్తిగా.

"ఏం విన్నారు? మేం లోపల ఉన్నాంగా!"

మెర్విన్ ప్లగ్ మళ్లీ పెట్టాడు. బొంగురు మోత లేచింది. కళ్లు మూసుకుని విన్న అరవైమందీ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోకుండా జాగ్రత్తపడ్డారు. లయొనెల్ మాత్రం నేలమీద బోర్లా పడుకుని కూలర్‌కి చెవి ఆనించాడు. చాలాసేపు లేవలేదు.

"ఆ కుంటడం ఏంటి?"

"రబ్బరు కాలు అరిగింది. రేపొచ్చి మార్చేస్తా, ఒట్టు."

"ముట్టుకున్నావంటే చంపేస్తా," అన్నాడు లయొనెల్. లేచి ఒక శాండ్‌విచ్ తీసుకున్నాడు.

సోమవారం అతను తివాచీల కొట్టుకి వెళ్లలేదు. కూలర్ పక్కన టేప్ రికార్డర్ పెట్టుకుని కూర్చున్నాడు. తర్వాతి సంచికలో 'ఎక్కణ్ణుంచి వచ్చింది' పేజీ కింద మొదటిసారి 'కనిపెట్టినది: ఎం. పార్గెటర్' అని అచ్చయింది. అరిగిన రబ్బరు కాలుని కూడా మెర్విన్ బొమ్మ వేసి చూపించాడు. రోలీ మూడు పేజీల ఖండన రాశాడు. మెర్విన్ దాన్ని చాలా చిన్న అక్షరాల్లో వేశాడు.

ఆ తర్వాత ఒక మంగళవారం లయొనెల్ టేప్ రికార్డర్ చంకన పెట్టుకుని మెర్విన్ ఇంటికొచ్చాడు. వంటింటి ఫ్రిజ్ అంతకన్నా బాగా మోగుతుందని మెర్విన్ నోరు జారి ఉన్నాడు. ఇద్దరూ మోకాళ్లమీద కూర్చుని తలుపుకి చెవులు ఆనించారు. కిక్కురుమనలేదు.

"ఇందులో ఏం లేదే," అన్నాడు లయొనెల్ దిగులుగా.

"నిన్ననే కోవెంట్రీ నుంచి మెకానిక్‌ని పిలిపించి బాగుచేయించా," అంది గ్లెనిస్, టీ పోస్తూ. "పాలు కొంచెం పొయ్యనా బాబూ?"