ముందే పడ్డ ఓటు

ఓట్ల లెక్కింపు రోజు సాయంత్రం గౌలిపురలో మా గల్లీ అంతా సేటు ఇంట్లోనే ఉంది. గల్లీ మొత్తానికి టీవీ ఆయన ఒక్కడికే ఉండేది. బేగంబజార్‌లో ఆయనకు పప్పుల దుకాణం. ఆయన ఇంటికి పాలు పోసేది మేమే. ఫలితాల మధ్యమధ్యలో హిందీ సినిమా వేస్తున్నారు కాబట్టి సగం మంది సినిమా కోసమే వచ్చారు. సినిమా ఆపి ఫలితాలు చదివినప్పుడల్లా పిల్లలు ఒకటే లొల్లి.

నేను వెళ్లింది ఫలితాల కోసం. ఒళ్లు మండుతుంటే ఓ మూల కూర్చున్నాను.

అప్పట్లో ఓటుకు ఇరవై ఒకటి నిండాలి; నాకు నిండాక అది మొదటి ఎన్నిక. పోలింగ్ నాడు బర్రెల పని తెముల్చుకుని, తలస్నానం చేసి, పెళ్లిళ్లకు కట్టుకునే చీర కట్టుకుని బడికి వెళ్లి వరసలో నిలబడ్డాను. ఎవరికి వెయ్యాలో ఎవరినీ అడగకుండా నాకు నేనే తేల్చుకున్నాను. తీరా లోపలికి వెళితే, బల్ల వెనకాయన నా పేరు చూసి, "నీ ఓటు పడిపోయిందమ్మా" అన్నాడు. సిరా అంటని నా వేళ్లు చూపించాను. "పడిందంటే పడింది, జరుగమ్మా!" అని కసిరాడు. వెనకవాళ్లు నవ్వారు. ఇంటికొచ్చి అరిచి గోల పెడితే మా బాపు, "పోనీ తియ్ బిడ్డా" అంటూ పాలక్యాన్లు సైకిలుకు కట్టుకుని వెళ్లిపోయాడు.

టీవీలో సూటు వేసుకున్నాయన, దేశ ప్రజలు తీర్పు చెప్పారని హిందీలో అంటున్నాడు. ఏ ప్రజలయ్యా, నీ మొహం, అని లోలోపల తిట్టుకున్నాను.

సేటు మెచ్చినవాళ్లే గెలుస్తున్నారు. ఆయన పొంగిపోయి బాపు వీపు మీద చరిచాడు.

"భాయ్, నీ ఇంటి ఆడోళ్ల ఓట్లు పోలింగ్ నాడు పొద్దుగాల్నే ఏపిచ్చిన. ఒక్కటి గూడ ఖరాబ్ కానియ్యలే!"

"మీరుండంగ మాకేం ఫికర్ సేట్" అని బాపు నవ్వాడు.

నేను లేచి నిలబడ్డాను. "బాపూ, నా ఓటు ఈయన చేతుల పెట్టినవా?"

బాపు మొహంలో సిగ్గన్నది లేదు. "ఆడోళ్లు గా గుంపుల నిలవడుడెందుకని నేనే చెప్పిన. ఓటైతే పడ్డది గద, ఎవరేస్తే ఏంది?"

"నీ బర్రెను ఇంకోడు పిండుకపోతే, పిండుడైతే అయింది గద అని ఊకుంటవా?"

బాపు చెయ్యెత్తాడు గానీ, అంతమందిలో కొట్టలేకపోయాడు. సేటు టీవీ వైపు తిరిగిపోయాడు. అంతలో సినిమా మళ్లీ మొదలైంది. "కూసోవే, అడ్డమొస్తున్నవ్!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. ఇప్పటికీ తలుచుకుంటే అందరికంటే ఆ గొంతు మీదే నాకు ఎక్కువ కోపం.

విసురుగా బయటికి వచ్చేశాను. అమ్మ నా వెనకే వచ్చింది.

"నీది గూడ వాళ్లే ఏసిండ్రంట, ఇన్నవా అమ్మా?"

"నాకెరుకే బిడ్డా. ఎప్పుడు గట్లనే. నేను ఇంతవరకు ఓటు ఏసిందే లేదు."

కొంచెం దూరం నడిచాక అమ్మ నా చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగింది. "నువ్వు లోపటిదాంక పోయినవ్ గద. ఓట్లేసే డబ్బ ఎట్లుంటదే?"

నేనూ చూడలేదు. నన్ను బల్ల దగ్గరి నుంచే పంపేశారు.