కుటుంబానికి ఒక్క ఓటు

మౌంట్ రాస్కిల్ తెలుగు సంఘంలో మనస్విని చెయ్యని పని లేదు, అధ్యక్షత తప్ప. పదేళ్ళుగా ఉగాదికి హాలు మాట్లాడిందీ ఆమే, చదువులకని కొత్తగా విమానం దిగిన పిల్లలకు ఫ్లాట్లు వెతికిపెట్టిందీ ఆమే. వేదికెక్కి శాలువా కప్పించుకున్నది మాత్రం రామమోహన్. మూడుసార్లు అధ్యక్షుడైన ఆ పెద్దమనిషికి హాలు తాళం ఎవరి దగ్గరుంటుందో కూడా తెలియదు. ఒళ్ళు మండి, 2014లో ఆమె ఆయన మీద పోటీకి దిగింది.

"చాకిరీ నాది, పేరు ఆయనదా? ఈసారి పేరు గూడ నాదే ఉండాలె" అంది ఇంట్లో. "నిలబడు, నేనున్న గద" అన్నాడు భర్త వినీత్.

ఆ సంఘంలో కుటుంబానికి ఒకటే సభ్యత్వం, ఒకటే ఓటు. ఎక్కడా రాసిపెట్టలేదు గానీ ఆ ఓటు మగవాడే వేస్తాడు. ప్రపంచంలో అందరికన్నా ముందు ఆడవాళ్ళకు ఓటిచ్చిన దేశమిది. అలాంటి చోట, ఎన్నికల నాడు పోటీలో ఉన్న మనిషి హాలు వంటగదిలో పులిహోర కలుపుతుంటే బయట మొగుళ్ళు వరసకట్టి చీటీలు వేశారు. ఇంతకన్నా సిగ్గుచేటు ఉంటుందా? మనస్వినికి కూడా అప్పుడది తోచలేదు. ఇంటి ఓటు ఎక్కడికి పోతుందిలే అనుకుంది.

ఒక్క ఓటుతో ఓడిపోయింది. మళ్ళీ లెక్కపెట్టించినా అంతే.

రామమోహన్ నవ్వుకుంటూ వచ్చాడు. "వినీత్ మాట తప్పలేదమ్మా. 'నా ఓటు నీకే, అన్నా' అన్నడు, అట్లనే నాకే వేసిండు."

ఓదార్పు అనుకున్నాడు కాబోలు. ఆమె భర్త వైపు తిరిగింది.

"నువ్వెట్లైనా గెలుస్తవనుకున్న" అని గొణిగాడు వినీత్. "అన్న ఫోన్ చేసి అడిగిండు. మొహమాటానికి కాదనలేకపోయిన."

"నన్ను ఓడగొట్టెటప్పుడు ఆ మొహమాటం ఎటు పోయింది?"

పరాయివాళ్ళ దగ్గర అంతలేసి పుట్టుకొచ్చే మొహమాటం పెళ్ళాం దగ్గరికొచ్చేసరికి ఎక్కడ చస్తుందో ఈ మగవాళ్ళకే తెలియాలి.

మనస్విని నేరుగా కార్యదర్శి ఈశ్వరరావు బల్ల దగ్గరికి నడిచింది. "అంకుల్, నా ఒక్కదాని పేరున మెంబర్‌షిప్ రాయుండ్రి."

"మీ ఇద్దరికీ కలిపి ఉంది గదమ్మా?"

"అది ఆయనకే ఉంచుండ్రి, మొహమాటాలకు పనికొస్తది. వచ్చేసారి నా ఓటు నేనే వేసుకుంట."

ఈశ్వరరావు కలం తీశాడు. తీసి, ఏమంటావన్నట్టు వినీత్ వైపు చూశాడు.

"ఆయన దిక్కెందుకు చూస్తున్నరు?" అంది మనస్విని. "అడుగుతున్నది నేను."