యాభై డిగ్రీల దగ్గర ఆగిన గీత

ఈ పొద్దున పాల కోసం కిందికి దిగేసరికి పక్కింటాయన కారు స్టార్ట్ చేస్తున్నాడు. డిసెంబరు చలికి రాత్రంతా ఆరుబయట నిలిచిన బండి రెండుసార్లు దగ్గి, మూడోసారి అందుకుంది. సైలెన్సర్‌లోంచి తెల్లటి ఆవిరి, దాని వెంటే సగం కాలిన పెట్రోలు వాసన. ఎవరికైనా తల తిప్పే వాసనే అది. నాకు మాత్రం మార్తమ్మ మేడం గుర్తొస్తారు.

జనగామ దగ్గర మా ఇంజనీరింగ్ కాలేజీలో ఆమె థర్మోడైనమిక్స్ చెప్పేవారు. పాఠం కూడా తెలంగాణ మాటలోనే. "వేడి ఎటు పోతది? సల్లగున్న దిక్కు పోతది" అని మొదలుపెట్టేవారు. ఆ యాసకు కొందరు లెక్చరర్లు ముసిముసిగా నవ్వుకున్నా ఆమె పట్టించుకునేవారు కాదు. నేను కొత్తగూడ అడవి పక్క తండా నుంచి వచ్చినదాన్ని. ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు. నోరు తెరిస్తే తప్పు మాట్లాడతానేమోనన్న భయం, పోనుపోను ఏం చేసినా తప్పు చేస్తానేమోనన్న భయంగా మారింది.

చివరి ఏడాది ప్రాజెక్టు ఆమె దగ్గరే చేశాను. కారు పొగను శుద్ధి చేసే డబ్బా ఒకటి గొట్టంలో ఉంటుంది. అది వేడెక్కితేనే పనిచేస్తుంది. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన మొదటి నిమిషాల్లో విషమంతా అలాగే బయటికి పోతుంది. ఆ నిమిషాల్లో పొగ ఎంత వేడెక్కుతుందో, ఎంత విషం వదులుతుందో సమీకరణాలు రాసి కంప్యూటరుతో ముందే చెప్పించాలి. తర్వాత నిజం బండి మీద కొలిచి పోల్చాలి.

అవి ప్రత్యేక రాష్ట్రం కోసం ఊళ్లన్నీ రోడ్డెక్కిన రోజులు. కాలేజీ మూతబడింది, ల్యాబ్‌కు తాళం పడింది. నా పని ఆగిపోయినట్టేననుకున్నాను. మేడం నన్ను తన ఇంటికి తీసుకెళ్లి, వాకిట్లో ఉన్న తన పాత కారు చూపించారు. "బంద్‌లకు ఇది ఎటూ పోతలేదు. పొద్దటిదాంక మంచిగ సల్లవడ్తది. మన పనికి గిదే కావాలె" అన్నారు. ఒకసారి వేడెక్కితే మళ్లీ పూర్తిగా చల్లారేదాకా ఆగాలి కనుక రోజుకు ఒక్క కొలతే. ఆమె ఇంట్లోనే ఉండి తెల్లవారుజామునే లేచేదాన్ని.

సైలెన్సర్ దగ్గర వేడి కొలిచే తీగ పెట్టాం. కంప్యూటరు గీత నున్నగా పైకి పోయింది. తీగ చెప్పిన గీత మాత్రం యాభై డిగ్రీల దగ్గరికి వచ్చి ఆగి, కాసేపు అక్కడే నిలబడి, ఆ తర్వాత ఒక్కసారిగా లేచింది. మూడు రోజులూ అంతే. నాలుగు రోజుల్లో కాలేజీ తెరుస్తారు, ఆ రోజే ప్రాజెక్టు రివ్యూ. నా చేతకానితనమే బయటపడుతుందనుకుని, ఆగిన చోట అంకెలు చెరిపేసి, నెమ్మదిగా పెరిగే అంకెలు రాశాను. రెండు గీతలూ చక్కగా కలిశాయి. మేడం ఆ కాగితం చాలాసేపు చూశారు. "మస్తు కలిసినయి" అని నా చేతికి తిరిగిచ్చారు. అంతే.

ఆ రోజంతా అన్నం సహించలేదు. మర్నాడు ఆమె పళ్లెంలో ఉప్మా పెడుతుంటే ఏడుపొచ్చింది.

"మేడం, గా అంకెలు నేనే మార్చిన."

ఆమె గరిట పక్కన పెట్టారు. "అసలుది ఎట్లున్నది?"

"యాభై కాడ ఆగుతున్నది మేడం. మూడు దినాలూ గక్కడనే."

"తీగ ఖరాబైతే రోజుకో తీరు చెప్తది బిడ్డా. మూడు దినాలు ఒక్క తీరే చెప్పిందంటే దాంట్ల ఏదో ఉన్నది."

తిట్టలేదు. రేపు మళ్లీ కొలుద్దామన్నారు.

ఆ రేపు బంద్. ఇంజన్ స్టార్ట్ చేసిన నిమిషానికే జెండాలతో నలుగురు కుర్రాళ్లు గేటు దగ్గరికి వచ్చారు. "బంద్ అని తెల్వదా మేడం? బండి బంద్ చెయ్యిన్రి." ఇప్పుడు ఆపితే ఆ రోజు పోయినట్టే. మేడం నవ్వి, "బండి కదల్తలేదు నాయినా. ఈ పిల్ల పరీక్ష గిది. పది నిమిషాలు జర ఆగున్రి" అన్నారు. వాళ్లు లోపలికొచ్చి, తీగలు చూసి, నాతోపాటు అంకెల కేసి చూస్తూ నిలబడ్డారు. యాభై దగ్గర అంకె ఆగింది. మేడం స్టీలు పళ్లెం ఒకటి తెచ్చి గొట్టం ముందు పట్టారు. క్షణంలో చెమట పట్టినట్టు తడిసింది.

"పొగల నీళ్లున్నయి. సల్లటి ఇనుముకు తాకి గొట్టంలనే కారుతున్నయి. అన్నం గిన్నెల నీళ్లున్నంతసేపు అడుగు మాడుతదా? గా నీళ్లు ఆరేదాంక వేడి ఎక్కదు."

నా సమీకరణాల్లో నీళ్లే లేవు! తీగ తప్పు చెప్పలేదు, నేను తప్పు కొలవలేదు. గుండెల మీంచి బండ దించినట్టయి నవ్వేశాను. ఎందుకో తెలియకుండానే ఆ కుర్రాళ్లూ నవ్వారు. రెండు రోజులు కూర్చుని నీళ్ల లెక్క కలిపితే కంప్యూటరు గీత కూడా యాభై దగ్గర ఒదిగి ఆగింది. రివ్యూలో బయటి నుంచి వచ్చిన పెద్దాయన గీత ఆగిన ఆ మెట్టు మీదే వేలు పెట్టి అడిగారు. తడబడకుండా, నాకొచ్చిన మాటలోనే చెప్పాను. ఎవరూ నవ్వలేదు.

మేడం రిటైరయ్యాక భూపాలపల్లిలో చెల్లెలి దగ్గర ఉండేవారు. ఉద్యోగం వచ్చాక ఒకసారి వెళ్లినప్పుడు అడిగాను, అంకెలు మార్చానని ఎప్పుడు తెలిసిందని.

"సూడంగనే."

"మరి అప్పుడే ఎందుకడగకపోతిరి?"

"నేను అడిగితే ఒప్పుకుందువు. నీ అంతట నువ్వు చెప్తవని ఆగిన."

ఆమె ఇప్పుడు లేరు. నేను ఇంజన్లు పరీక్షించే చోటే పనిచేస్తున్నాను. కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మరీ నున్నటి గీతలు తెస్తారు. అడగాలని నోటిదాకా వస్తుంది. ఒక్క రోజు ఆగుతాను. కొందరు రారు, అప్పుడు నేనే పిలుస్తాను. మర్నాడు పొద్దున్నే తలుపు దగ్గర నిలబడి "మేడం, ఒక మాట" అనేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లకు ముందు కుర్చీ చూపిస్తాను.