చిన్న గ్లాసుల ఆదివారం

ఒంట్లో ఏదో తేడా ఉందని నాకు మొదటిసారి అనిపించింది రొట్టెల పిండి దగ్గర. ఆ రోజు శనివారం. తెల్లారితే మా చర్చిలో ప్రభు బల్ల, అంటే యేసు చివరి భోజనాన్ని తలుచుకుంటూ అందరం రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. నెలకో ఆదివారం ఆ బల్లకు పులియని రొట్టెలు చేయడం, ద్రాక్షపళ్లు ఉడికించి రసం తీయడం, అందరూ ఒకరి తర్వాత ఒకరు తాగే పెద్ద గిన్నెను తోమడం, దాన్ని తుడిచే తెల్లగుడ్డను ఉతికి ఇస్త్రీ చేయడం ఒకప్పుడు మా అత్తగారి పని. ఆమె పోయాక నా పని అయింది. పిండి పిసుకుతుంటే దగ్గు పట్టుకుంది. ముఖం పక్కకు తిప్పి కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. ఆయాసంతో గోడకు చేరగిలబడ్డాను.

మా ఆయన దేవదానం నీళ్లు తెచ్చిచ్చాడు. "మూడు వారాల సంది గిదే దగ్గు. దవాఖానకు పోదాం పా" అన్నాడు.

"రేపు బల్ల అయినంక పోదాం. నేను లేకపోతే రొట్టెలు ఎవరు జేస్తరు?" అన్నాను.

నా పేరు సువార్త. బాన్సువాడ బస్టాండు వెనక సందులో, ఇంటి ముందుగదిలో జాకెట్లు కుడతాను. మా ఆయనది ట్రాలీ ఆటో. వర్ని వైపు ఊళ్ల నుంచి వడ్ల బస్తాలు తోలుతాడు. అవి వరికోతల రోజులు కాబట్టి దుమ్ముకు దగ్గు వచ్చిందని సరిపెట్టుకున్నాను.

ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పాలి. చెప్పకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు. మా చర్చిలో నాకు తగ్గింపు, అంటే వినయం, గలదాన్నని పేరు. ఎప్పుడూ చివరి చాప మీద, చెప్పులు విడిచే చోటు పక్కనే కూర్చునేదాన్ని. ఆరాధన మొదలయ్యే ముందు పాస్టరు గారి భార్య ప్రమీలక్క వచ్చి, "గీడెందుకు కూసున్నవ్ సువార్తా? ముందుకు రా" అని చెయ్యి పట్టి లేపేది. "వద్దక్కా, వద్దక్కా" అంటూనే ముందుకు నడిచేదాన్ని. ఆ వద్దనడంలో ఎంత తీపి ఉండేదో నాకే తెలుసు. ఒకసారి పాస్టరయ్యగారు వాక్యం చెబుతూ, "తగ్గింపు అంటే ఏందో మన సువార్తమ్మను చూసి నేర్చుకోండి" అన్నారు. ఆ వారమంతా మిషన్ తొక్కుతుంటే నా కాళ్లు నేలకు ఆనలేదు.

బల్ల అయిపోయింది. దవాఖానకు మాత్రం పోలేదు. పక్క సందులో ఆర్‌ఎంపీ దగ్గర దగ్గు మందు తెచ్చుకుని తాగాను. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడేది, తెల్లారేసరికి దిండు చెమటతో తడిసేది. ఊళ్లో సగంమంది ఆడవాళ్ల కొలతలు తెలిసిన నాకు నా ఒళ్లు ఎంత తగ్గిందో తెలియలేదు. ఒక రోజు నా జాకెట్టే భుజం మీది నుంచి జారింది. అప్పుడు మా ఆయన నా మాట వినకుండా నన్ను ఆటో ఎక్కించి పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు.

చిన్న వయసు డాక్టరు గారు. ఎక్స్‌రే దీపం ముందు పెట్టి చూపించారు. "రైట్ లంగ్ అప్పర్ లోబ్‌లో ప్యాచ్ ఉందమ్మా, కుడి ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ. కళ్లె తీసి స్పుటమ్ టెస్ట్‌కు పంపిద్దాం" అన్నారు. షుగర్, హెచ్‌ఐవీ పరీక్షలు కూడా చేశారు, అవి రెండూ లేవు. కళ్లె పరీక్ష, అదే సీబీనాట్, రిపోర్టు వచ్చాక మళ్లీ పిలిచారు. "టీబీనే. భయపడకండి. రిఫాంపిసిన్ రెసిస్టెన్స్ లేదు, మామూలు మందులకే లొంగుతుంది. ఆరు నెలలు వేసుకోవాలి. మధ్యలో ఆపితే మాత్రం మీకూ నాకూ కష్టమే." గిన్నెలూ కంచాలూ వేరు చేసుకోవాలా అని మా ఆయన అడిగాడు. "గిన్నెలతో రాదు, గాలితో వస్తుంది. మొదటి కొన్ని వారాలు మాస్క్ పెట్టుకోండి, కిటికీలు తెరిచి ఉంచండి" అన్నారు. మా ఆయనకూ పరీక్ష చేశారు. ఆయనకు ఏమీ లేదు.

చచ్చిపోతానన్న భయం కంటే చర్చిలో తెలిస్తే ఎట్లా అన్న భయమే నాకు ఎక్కువైంది. అయినా ఒక్కరికి చెప్పకుండా ఉండలేకపోయాను. ఆ ఒక్కరు ప్రమీలక్క. నా కొడుకు పుట్టి మూడో రోజే పోయినప్పుడు దవాఖానలో నా మంచం కింద చాప పరుచుకుని పడుకున్న మనిషి ఆమె. చేతులు పట్టుకుని ఏడ్చి చెప్పాను. "అక్కా, అయ్యగారికి కూడా చెప్పకు" అన్నాను. ఆమె ప్రార్థన చేసి, కళ్లు తుడుచుకుని, "నా నోట్లకెళ్లి బయటికి పోదు, ఫికర్ జెయ్యకు" అంది.

మందులు మొదలయ్యాయి. పొద్దున్నే పరగడుపున గుప్పెడు గోలీలు. మూత్రం నారింజ రంగులో వచ్చేది, నోట్లో ఇనుము చప్పరించినట్టు ఉండేది. రాను రాను దగ్గు తగ్గింది. మరుసటి నెల బల్ల దగ్గరపడేసరికి డాక్టరు గారు మళ్లీ చూసి, "ఇక మీ నుంచి ఎవరికీ అంటదు, మీ పనులు చేసుకోండి" అన్నారు. ఆ మాట మోసుకుని నేరుగా ప్రమీలక్క దగ్గరికే వెళ్లాను. ఈసారి రొట్టెలు నన్ను చెయ్యమంటావా అక్కా అని అడిగాను.

"చెయ్యి. నీ చేతి రొట్టె లేకపోతే అది బల్ల లెక్కనే ఉండదు" అంది.

ఆదివారం స్టీలు డబ్బాలో రొట్టెలు పెట్టి, పైన తెల్లగుడ్డ కప్పి తీసుకెళ్లాను. బల్ల మీద అప్పటికే ఒక ట్రే ఉంది. దాని నిండా చిన్న చిన్న ప్లాస్టిక్ గ్లాసులు. దగ్గు మందు సీసా మూత ఎంత ఉంటుందో అంతే ఉంది ఒక్కోటి. పక్కన బేకరీ బ్రెడ్డు పాకెట్టు. మా పెద్ద గిన్నె ఎక్కడా కనబడలేదు. ప్రమీలక్క వైపు చూశాను. ఆమె పాటల పుస్తకంలోకి తల దించుకుంది.

డబ్బా ఒళ్లో పెట్టుకుని చివరి చాప మీద కూర్చున్నాను. నా పక్కన ఉన్న రాజవ్వ కాస్త జరిగింది. ఆమె జరిగితే ఆ పక్కామె జరిగింది. "ఏమనుకోకు బిడ్డా, టీబీ అంట గదా. మా ఇంట్ల పసిపోరలున్నరు" అంది రాజవ్వ మెల్లగా. ముందుకు రమ్మని ఆ రోజు నన్ను ఎవరూ పిలవలేదు. ఏళ్ల తరబడి నేను కోరి కూర్చున్న చోటే అది. కానీ ఆ రోజు ఆ చోటు నన్ను కాల్చింది.

ఇంటికొచ్చి డబ్బా గూట్లో పెట్టేశాను. సాయంత్రం మా ఆయన సంగతి విని, ఆ రొట్టెలు తీసి పప్పులో అద్దుకుని తిన్నాడు. "మంచిగున్నయ్" అన్నాడు. నాకు ఏడుపు, కోపం ఒకేసారి వచ్చాయి.

రెండు రోజులాగి ప్రమీలక్క మా ఇంటికి వచ్చింది. గడపలోనే నిలబడింది.

"నా కోడలు కడుపుతోని ఉన్నది సువార్తా. నాకు భయమైంది. మా ఆయనకు చెప్పిన. ఆయన పెద్దలకు చెప్పిండు" అంది.

"మరి రొట్టెలు జెయ్యమని నాకెందుకు చెప్పినవ్ అక్కా?"

"నీ ముఖం మీద వద్దనలేకపోయిన."

ముఖం మీద అనలేని మాటను ఆమె ఊరందరి ముందు అనేసింది. నన్ను పక్కకు పిలిచి ఒక్క మాట అడిగి ఉంటే నేనే తప్పుకునేదాన్ని అని చెప్పి తలుపు వేసుకున్నాను. నిజంగా తప్పుకునేదాన్నా? ఇప్పుడు ఆలోచిస్తే అనుమానమే. పరీక్షకు ముందు, ఆ శనివారం దగ్గుతూ రొట్టెలు చేసింది నేనే. కిటికీలు మూసిన హాలులో ఆమె కోడలి వెనకే కూర్చుని దగ్గింది కూడా నేనే. అయితే ఆ రోజు ఇవేవీ నాకు గుర్తు రాలేదు. నమ్మినదాన్ని నన్ను అమ్మేసింది అన్న ఒక్కటే గుర్తుంది. ఇంకో సంగతి, వాళ్లు గ్లాసులైతే మార్చారు కానీ హాలు కిటికీలు మాత్రం తెరవలేదు.

ఆ తర్వాత నేను చేసిన పని నా జబ్బు కంటే పెద్దది. గోలీలు మానేశాను. దవాఖాన నుంచి కనుక్కోవడానికి వచ్చే అమ్మాయితో, ఇంటికి రావద్దు, నేనే వచ్చి తీసుకుంటానన్నాను. ఆదివారాలు కూడా ఆటో తోలే మా ఆయన అడిగితే వేసుకున్నానన్నాను. దేవుడు నన్ను స్వస్థపరిచాడు, ఇక మందులతో పని లేదు అని చర్చిలో నలుగురు వినేలా చెప్పాను. మంచి చీర కట్టుకుని వెళ్లి, చివరి చాప మీద నుంచి అందరికంటే గట్టిగా పాడాను. మీరు నన్ను రోగిష్టిదాన్ని చేశారు కదా, చూడండి ఎట్లా ఉన్నానో అన్నట్టు. నేను దానికి విశ్వాసం అని పేరు పెట్టుకున్నాను. అది ఉత్త పంతం.

నెల దాటాక ఒక మధ్యాహ్నం పెళ్లివాళ్ల జాకెట్టు కుడుతున్నాను. దగ్గు వచ్చింది. తెల్లటి లైనింగు మీద ఎర్రటి చుక్క పడింది. సూది గుచ్చుకుందేమోనని వేళ్లన్నీ చూసుకున్నాను. వేళ్లకు ఏమీ లేదు. గోలీలు మానేసిన సంగతి ఆ రాత్రి మా ఆయనకు చెప్పక తప్పలేదు.

డాక్టరు గారు ఎక్స్‌రే చూసి పాతదాని పక్కన పెట్టారు. "మందులు ఎందుకు ఆపారమ్మా?" అన్నారు.

"దేవుని మీద నమ్మకంతోని సార్" అన్నాను.

వెనక నిలబడ్డ మా ఆయన ముందుకొచ్చాడు. "దేవుని మీద నమ్మకంతోని కాదు సార్, పాస్టరమ్మ మీద కోపంతోని" అన్నాడు.

డాక్టరు గారు నవ్వలేదు. "కోపానికి నా దగ్గర మందు లేదమ్మా. టీబీకి ఉంది. అదైనా ఉండనివ్వండి. ఇప్పుడు రెసిస్టెన్స్ వచ్చిందేమో మళ్లీ టెస్ట్ చేయాలి. వస్తే ఈ గోలీలు పనిచేయవు" అన్నారు.

రిపోర్టు కోసం ఎదురుచూసిన రోజులు నా జీవితంలోకెల్లా చెడ్డ రోజులు. ప్రార్థన చెయ్యమంటే గంట సేపు మాటలు తడుముకోకుండా చేసేదాన్ని నేను. సంఘమంతా కళ్లు మూసుకుని నా మాటలకు ఆమెన్ అనేది. ఆ రోజుల్లో మిషన్ దగ్గర కూర్చుని, దేవా నాకు భయంగా ఉంది అన్నాను, అంతే. ఇంకో మాట రాలేదు. వినడానికి ఎవరూ లేకుండా నేను ప్రార్థన చేసింది చాలా ఏళ్లకు అదే మొదటిసారేమో.

రెసిస్టెన్స్ రాలేదు. కానీ మందులు మళ్లీ మొదటి నుంచి. ఈసారి ఒళ్లు తట్టుకోలేదు. తిన్నది తిన్నట్టు వాంతి అయ్యేది. ఎల్ఎఫ్‌టీలో ఎస్‌జీపీటీ పెరిగిందని, కాలేయం మీద మందుల భారం పడుతోందని చెప్పి, దగ్గరగా చూడాలన్నారు. కీళ్ల నొప్పులు పుట్టి మిషన్ తొక్కలేకపోయాను. మా ఆయన ఆటో మీద పోతే జావ కాచిచ్చే మనిషి లేదు.

ఒక పొద్దున ఆయన టిఫిన్ గిన్నె తెచ్చి నా ముందు పెట్టాడు. జొన్న జావ. "ప్రమీలక్క పంపింది" అన్నాడు. తోసేశాను. మర్నాడు మళ్లీ వచ్చింది, మళ్లీ తోసేశాను. ఆయన తాను తాగి గిన్నె కడిగి తిరిగిచ్చేవాడు. అట్లా ఒక వారం గడిచింది. ఒక రోజు గిన్నె మూత తియ్యగానే నాకు ఆకలేసింది. నెలల తర్వాత పుట్టిన ఆకలి. మందు పనిచేస్తోందనడానికి అదే మొదటి గుర్తు. ఆ రోజు తాగేశాను. ఆమెను క్షమించి కాదు, ఆకలికి ఆగలేక.

తర్వాత ఒక రోజు గిన్నె ఆమే తెచ్చింది. కోడలు ఆడపిల్లను కన్నది, తల్లీబిడ్డా బాగున్నారు అని చెప్పింది. "నన్ను క్షమించు" అంది. గిన్నె అందుకుని, "క్షమించిన అక్కా. గని ఇగ నీకు నా మనసుల మాట చెప్ప" అన్నాను. ఆమె ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది, కానీ ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

మందులు పూర్తయి, చివరి పరీక్షలో డాక్టరు గారు "క్యూర్డ్" అన్నాక, పాస్టరయ్యగారు నన్ను సాక్ష్యం, అంటే దేవుడు చేసిన మేలు, అందరి ముందు చెప్పమని పిలిచారు. "సువార్తమ్మ తగ్గింపును దేవుడు చూసిండు" అని మొదలుపెట్టారు. మళ్లీ పాత తీపి నాలుక మీదికి వచ్చింది. మైకు తీసుకున్నాను.

"నాకు వచ్చింది టీబీ. నేను గోలీలు మానింది విశ్వాసంతోని కాదు, పంతంతోని. నా మాట బయటపెట్టినోళ్ల మీద కోపం ఇంకా పూర్తిగ పోలేదు, పోగొట్టమని దేవుని అడుగుతున్న. అయ్యగారూ, ఇగ నన్ను అందరి ముందట మెచ్చుకోకండి. కొందరికి కొన్ని మందులు పడవంటరు. మెచ్చుకోలు నాకు పడదు. ఇంకోటి, జర గా కిటికీలు తెరవుండ్రి" అన్నాను. వెనక ఎవరో నవ్వారు. రాజవ్వే లేచి కిటికీ తెరిచింది.

ఇప్పుడు మిషన్ తొక్కుతున్నాను. ఒళ్లు కాస్త చేసింది, చిక్కినప్పుడు బిగించుకున్న నా జాకెట్లు మళ్లీ వదులు చేసి కుట్టుకున్నాను. చర్చిలో చివర కూర్చోను, ముందూ కూర్చోను. నడుమ ఎక్కడో కూర్చుంటాను, అక్కడ ఎవరూ చూడరు. చిన్న గ్లాసులు అట్లాగే ఉన్నాయి. ట్రే పట్టుకుని ప్రమీలక్క వస్తుంది, నేను ఒకటి తీసుకుంటాను. గొంతు దిగేటప్పుడు ప్రతిసారీ ఆ ఆదివారం గుర్తొస్తుంది. రొట్టెలు ఇప్పుడు ఆమె కోడలు చేస్తోంది. అంచులు మాడుతాయి, నడుమ దళసరిగా ఉంటాయి. ఎట్లా ఒత్తాలో ఆ పిల్ల నన్ను అడిగితే చెబుతాను. అడిగేదాకా నోరు మూసుకుని నమలడం నాకు ఉపవాసం కంటే కష్టంగా ఉంది.

చదివేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. టీబీ అని తెలిసిన రోజే మీతో కలిసి తిని కూర్చునేవాళ్లకు ఆ మాట మీ నోటితో మీరే చెప్పండి, వాళ్లను పరీక్ష చేయించుకొమ్మనండి. అప్పుడు బయటపెట్టడానికి ఎవరి దగ్గరా ఏమీ మిగలదు. అయినా ఎవరో ఒకరు మనసు విరుస్తారు. కోపం రావద్దని నేను చెప్పను, నాకే ఇంకా వస్తుంది. పొద్దున లేచి ముందు గోలీలు వేసుకోండి. కోపం తర్వాత.