మా బాపు చూసిన జ్ఞానస్నానం

ఆ కాలంల మనుషులకు తిండి తక్కువున్నా పట్టింపులు మాత్రం నిండుగ ఉండేటివి. మా పుట్టింట్ల, అత్తింట్ల దేవుడు ఒక్కడే, పుస్తకం కూడ దాదాపు ఒక్కటే. (దాదాపు ఎందుకంటున్ననంటే, మా మామ బైబిల్ల ఇంకొన్ని గ్రంథాలు ఎక్కువుండేటివి. అవి ఎవరు కలిపిన్రు, ఎవరు తీసేసిన్రు అన్నది వేరే లొల్లి.) మా బాపు కోస్గిల బట్టలు కుట్టేటోడు, పాస్టరయ్య రాని ఆదివారం తనే వాక్యం చెప్పేటోడు. మా మామ నకిరేకల్ దగ్గరి పల్లెల ఉపదేశి, అంటే ఫాదర్ గారు లేనప్పుడు కతోలిక గుడిల ప్రార్థన నడిపే మనిషి. ఇసొంటి ఇద్దర్ని వియ్యంకులను చేసిన పెండ్లిపెద్దకు మామీద ఏం పగ ఉండెనో ఇప్పటికీ తెల్వదు. పెండ్లినాడు నేను తలొంచుకొని కూసుంటే, ఇద్దరూ విస్తరాకుల ముంగట మోక్షం గురించి లొల్లి పట్టుకున్నరు.

"పేతురు చేతికి తాళపుచెవులు ఇచ్చిండు ప్రభువు. ఆయన జాగల కూసున్నోడే పోపుగారు. మరి నువ్వెవరి మాట వింటవు బావా?" అన్నడు మామ.

"తలుపు బార్లా తీసి ఉన్నంక తాళపుచెవులతోని ఏం పని బావా? నమ్మితే చాలు, లోపలికే" అన్నడు బాపు.

"నమ్మి ఊకె కూసుంటే అయితదా? మంచి పనులొద్దా?"

"రక్షణను పనులు జేసి కొనుక్కుంటవా?"

పప్పు చల్లారిపోయింది గాని వాళ్లు చల్లారలేదు.

ఏడాది తిరిగినంక నాకు తొలి కాన్పు, నెలలు నిండకముందే. ఆడపిల్ల. గుప్పెడంత ఉండె. దవాఖానల డాక్టరమ్మ మా ఆయనను పక్కకు పిలిచి "జర ధైర్యంగ ఉండాలె" అన్నది. పాపను నా పక్కల పండవెట్టిన్రు. మామ మంచం కాడికి ఉరికొచ్చిండు. "ఇప్పుడే జ్ఞానస్నానం ఇయ్యాలె. ఫాదర్ గారు వచ్చేదాక ఆగితే..." అని మాట మింగిండు.

బాపు అడ్డం నిలవడ్డడు. "పిల్లకు తెలివొచ్చి, నమ్మి, తనే అడిగి తీసుకోవాలె బాప్తిస్మం. గిన్ని నీళ్లు చల్లితే రక్షణొస్తదా?" (మా పుట్టింటోళ్లు మనిషిని నిండ ముంచుతరు. చల్లుడంటే మా బాపుకు ఇస్త్రీకి ముందు చొక్కా తడిపినట్టే.)

"తెలివొచ్చేదాక ఉండదంటున్నరు గదయ్యా!" అని ఒర్రిండు మామ. నేను పక్కనే వింటున్నట్టు ఇద్దరికీ అప్పుడు యాదికొచ్చింది.

మామ స్టీలు గ్లాసు నిండ నీళ్లు తెచ్చిండు. "పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున" అనుకుంట వంగుతుంటే, బాపు చెయ్యి అడ్డం పెట్టిండు. గ్లాసు ఎగిరింది. నీళ్లన్నీ బాపు నెత్తి మీద, అంగి మీద పడ్డయి. నిండ మునిగి బాప్తిస్మం తీసుకున్న మనిషికి, గా పొద్దు కతోలిక పద్ధతిల రెండోసారి అయింది. వార్డు ఆయమ్మ, ముస్లిం ముసలామె, చీపురు పట్టుకొనే వచ్చింది. "అరె, పోరి ఊపిరి కోసం గుంజుకుంటాంది, మీకు స్నానాల లొల్లియా? నడువుండ్రి బైటికి!" అని ఇద్దర్నీ నూకింది. నీళ్లు కారుకుంట పోతున్న మా బాపును చూసి నాకు నవ్వొచ్చింది. నిజంగ నవ్విన. నవ్వి పాప దిక్కు తిరిగేసరికి, పాప లేదు.

పొద్దు గూకకముందే మామ ఊరికి తెచ్చినం. నన్ను జీపుల పండవెట్టి సమాధుల గేటు కాడ ఆపిన్రు. ఫాదర్ గారు మెత్తని మనిషే గాని పద్ధతి తప్పడు. "జ్ఞానస్నానం అయిందా?" అని అడిగిండు. కానోళ్లను గోడ అవుతల తుమ్మచెట్ల కింద పెట్టుడు ఆ ఊరి అలవాటు. మామ ఏనాడూ ఫాదర్ ముంగట అబద్ధమాడలేదు. భూమి దిక్కు చూసిండు.

ఎనుక నుంచి బాపు ముంగటికొచ్చిండు.

"అయింది ఫాదర్. మా బావ నీళ్లు పోసిండు, మూడు పేర్లూ చెప్పిండు. నా కండ్లతోని చూసిన."

"మీరు ఇవన్నీ ఒప్పుకోరు కదా?"

"ఒప్పుకోను. చూసింది చెప్తున్న."

బాపు అంగి ఇంకా పూర్తిగ ఆరలేదు. ఫాదర్ గారు దాన్నీ చూసిండు, మామ మొఖాన్నీ చూసిండు. ఇంకేం అడగకుంట గేటు తీయమన్నడు. మామ పార అందుకుంటే, బాపు మట్టి ఎత్తిండు.

కొన్నాళ్లకు అడిగిన, "అబద్ధమాడినవా బాపూ?" అని. "ఒక్క చుక్కన్న పడే ఉంటది బిడ్డా. నాకేం తెల్సు, నేను కండ్లు మూసుకున్న" అన్నడు. చచ్చినోళ్ల కోసం ప్రార్థన చేసుడు ఆయన లెక్కల తప్పు. అయినా ఏటా సమాధుల పండుగకు కోస్గి నుంచి బస్సులు మారి వచ్చి, ఆ చిన్న మట్టిదిబ్బ కాడ కూసునేటోడు.

"ఏం బావా, ప్రార్థననా?" అని మామ.

"గడ్డి పీకుతున్న."

"మరి పెదాలెందుకు కదులుతున్నయ్?"

"గడ్డి గట్టిగుంది."

ఇద్దరూ పోయి శానా ఏండ్లాయె. ఇప్పుడు నా వయసు అప్పటి వాళ్ల వయసును దాటింది. ఎవరిది సత్యమని మా పిల్లలు అడిగితే నాకు చెప్పరాదు. ఆ వార్డుల నవ్విన పడుచుపిల్ల మాత్రం అప్పుడప్పుడు యాదికొస్తది, చెంప నిమరాలనిపిస్తది. అంత దుఃఖంల నవ్వొచ్చుడు పాపమా, కాదా అని అడుగుదామంటే, చెరొక మాట చెప్పేటోళ్లు ఇద్దరూ లేకపాయిరి.